నల్లమల పొగకు వయస్సెంత?

రాయలసీమలో కొండలకు రంగులే పేర్లు. కుందూనది లోయకు పడమటనున్నవి ఎర్రమలలు, తూర్పుననున్నవి నల్లమలలు. ఈ పేర్లు పెట్టినవారెవరో మనకు తెలియదు. కాని వారు కొండలను దూరమునుండి చూచి పేర్లు పెట్టిరేమోయని తోచును. ఏలయన, దగ్గరకు పోయి చూచినచో నల్లమల నల్లగా నుండదు. వానకాలములో నది పచ్చని కొండ. ఫాల్గుణమాసము వచ్చునప్పటికి ఆకు రాల్చి బూడిదవన్నెకు తిరిగిన కొండ. దూరమునుండి చూచునప్పుడు మన కంటికి తగులునది కొండ యొక్కటే కాదు. కొండకును కంటికిని నడుమనున్న గాలిని గూడ మనము చూచుచున్నాము.

ఫాల్గుణ చైత్రములలో ఆ గాలిలో పొగ యుండును. నంద్యాలలో మిద్దె నెక్కి తూర్పుదిక్కు చూచువారికి ఒకనాటి ఉదయమున కొండ చరియమీద నీలపుచార యొకటి లేచుట కనబడును. మధ్యాహ్నమునకు ఆ చార వెడల్పై గోధుమవన్నె తెరగా మారును. మరునాడు మంట యెక్కడను లేకున్నను ఆకాశము పాలిపోయిన తెలుపుతో నిండి, కొండ అంచు చెరిపివేసినట్లుండును. ముగ్గురు మూడు వేళల చూచి, ఒకడు పొగ నీలమనియు, ఒకడు గోధుమవన్నె యనియు, ఒకడు అది పొగయే కాదు, మంచుమబ్బనియు వాదింపవచ్చును. ముగ్గురు చెప్పినదియు నిజమే. వారు చూచిన పొగ యొక్కటే. చూచిన వయస్సులు మాత్రము వేరు.

పొగకు వయస్సు కలదు. అది పుట్టును, ఎదుగును, వెలియును, చివరకు వానతో నేలకు దిగును. ఈ నాలుగైదు దినముల జీవితములో వెలుగుతో దాని వ్యవహారము పూటపూటకు మారిపోవును. ఇది కేవలము చూపరుల వినోదము కాదు. ఎండ యెంత నేలకు చేరును, గాలి యెంత వేడెక్కును, కడప పట్టణపు గాలిలోని మసి అడవిదా, లారీలదా అను ప్రశ్నలకు సమాధానము ఈ వయస్సు లెక్కపైననే ఆధారపడియున్నది.

అడవి కాలెడి తీరు

2022లో నంద్యాల వేరొక జిల్లాయైనది. ఇచ్చట కర్నూలు, కడప యన్నప్పుడు పాత జిల్లాలనే గ్రహింపవలెను. ఈ రెంటి తూర్పుభాగమునను నల్లమల, దానికి దక్షిణమున లంకమల, పాలకొండ, శేషాచలము వరుసగా సాగిపోవును. ఇవన్నియు ఎండుటాకుల అడవులు. ప్రపంచములో మరెచ్చటను సహజముగా పెరుగని ఎర్రచందనము ఈ దక్షిణపు కొండలలోనిదే. మాఘ ఫాల్గుణములలో టేకు, తునికి, చిరుమాను మొదలగు చెట్లు ఆకు రాల్చును. నేలమీద ఎండుటాకు పరపు. దాని నడుమ ఎండిన బోద. ఎండ 40 డిగ్రీలు దాటునప్పటికి ఈ పరపు దూదివలె అంటుకొనుటకు సిద్ధముగా నుండును.

మన దేశములో అడవిమంటలలో అత్యధికభాగము మనుష్యుల చేతివే. ఆర్పక పారవేసిన బీడీముక్క, బాటసారులు విడిచిపోయిన పొయ్యి, పశువులకు లేతగడ్డి మొలవవలెనని పెట్టిన నిప్పు, ఇప్పపూలు ఏరుటకు చెట్టుక్రింద నేల శుభ్రపరచుటకై పెట్టిన నిప్పు, ఇవి అటవీ ఉద్యోగులు తరచుగా చెప్పు కారణములు. 2014 మార్చిలో తిరుమలకొండలయందు శేషాచలపు అడవి అంటుకొన్నప్పుడు వాయుసేన హెలికాప్టర్లు నీరు గుమ్మరింపవలసి వచ్చినది. అంత పెద్దవి అరుదు. మన అడవులలో మంట సామాన్యముగా చెట్ల తలలకెక్కదు. నేలబారున ప్రాకుచు పోవును. గడ్డియు ఆకును చిటపటలాడి క్షణములో కాలిపోవును. పడిన మానులు, మొద్దులు మాత్రము మంట వెళ్ళిపోయిన పిమ్మట రెండు మూడు దినములు లోలోపల రాజుకొనుచునే యుండును.

ఈ భేదమును పాఠకులు గుర్తుంచుకొనవలెను. పొగ జాతకము ఇచ్చటనే వ్రాయబడుచున్నది. మంటతో ధగధగ కాలినప్పుడు పుట్టునది మసి. శాస్త్రజ్ఞులు దానిని నల్లకర్బనమందురు. అది వెలుగులోని అన్ని రంగులను మ్రింగును. మంట లేక రాజుకొన్నప్పుడు పుట్టునది వేరు. కట్టెలోని పదార్థములు పూర్తిగా కాలక ఆవిరియై పైకి లేచి, చల్లబడి, జిడ్డు బిందువులుగా పేరుకొనును. వీనిలో కొన్ని రంగులేనివి. కొన్ని నీలపు వెలుగును, కంటికి కనబడని అతినీల కిరణములను మ్రింగి, ఎరుపును విడుచును. కషాయపు రంగుగల ఈ పదార్థమునకు కపిలకర్బనమని పేరు పెట్టవచ్చును. వంటింటి దూలమునుండి వ్రేలాడు నల్లని నూగు మొదటి జాతి. పాత బోదకొట్టపు వాసములకు పట్టిన గోధుమవన్నె జిడ్డు రెండవ జాతి. అడవిపొగలో రెండును కలసియే యుండును.

బీడీ చెప్పెడి పాఠము

పొగ వయస్సు రంగును ఎట్లు మార్చునో తెలిసికొనుటకు ప్రయోగశాలకు పోనక్కరలేదు. రచ్చబండమీద బీడీ కాల్చుచున్న పెద్దమనిషిని చూచిన చాలును. ఆ బీడీ చుట్టిన తునికాకు నల్లమలదే కావచ్చును. కాలుచున్న కొననుండి లేచు పొగ సన్నని నీలపు తీగవలె నుండును. అదే పొగను ఆయన పీల్చి విడిచినప్పుడు అది తెల్లగా, బూడిదవన్నెగా వచ్చును. నడుమ గడిచినది కొన్ని క్షణములే. ఆ క్షణములలో రేణువులు ఒకదానినొకటి అంటుకొని, నోటిలోని తేమను పూసికొని, లావెక్కినవి.

లావునకు రంగుతో సంబంధమేమి? కంటికి కనబడు వెలుగు అలల నిడివి మైక్రానులో 4 నుండి 7 పదియవవంతులు. మైక్రాననగా మిల్లీమీటరులో వెయ్యవవంతు. మనిషి తలవెండ్రుక మందము ఇంచుమించు 70 మైక్రానులు. రేణువు వెలుగు అలకంటె బాగుగ చిన్నదైనప్పుడు పొట్టి అలలు గల నీలమును ఎక్కువగాను, పొడవు అలలు గల ఎరుపును తక్కువగాను చెదరగొట్టును. 1871లో రేలీ ప్రభువు ఆకాశపు నీలమునకు చెప్పిన కారణమిదే. రేణువు పెరిగి అలతో సరితూగునప్పటికి ఈ పక్షపాతము తగ్గును; అన్ని రంగులును ఇంచుమించు సమానముగా చెదరి, పొగ తెల్లగా కనబడును. దీని గణితమును 1908లో జర్మను శాస్త్రజ్ఞుడు గుస్తావ్ మీ సాధించెను.

అడవిలో అప్పుడే పుట్టిన పొగరేణువు మైక్రానులో పదియవవంతునకు కొంచెము అటునిటుగా నుండును. గంటలు గడిచినకొలది అది రెండు మూడు రెట్లు లావెక్కును. కనుక చరియమీది నీలపుచార పసిపొగ. మరునాటి తెల్లనితెర ముసలిపొగ. కాని ఒక హెచ్చరిక. రంగును నిర్ణయించునది వయస్సు మాత్రమే కాదు. ఒకే పసిపొగ నల్లని కొండను వెనుకపెట్టుకొని చూచిన నీలముగాను, వెలుగుచున్న ఆకాశమును వెనుకపెట్టుకొని చూచిన గోధుమవన్నెగాను కనబడును. మొదటిచోట చెదరివచ్చిన నీలమును చూచుచున్నాము. రెండవచోట నీలము పోగా మిగిలిన వెలుగును చూచుచున్నాము. లియొనార్డో డావించి ఈ సంగతిని అయిదువందల యేండ్ల క్రిందటనే కనిపెట్టి వ్రాసియుంచెను. కనుక కేవలము కంటితో వయస్సు చెప్పబోవువాడు వెనుకనున్న తెరను గూడ చూడవలెను.

గాజుగుండులో నల్లపూస

పొగరేణువునకు వయస్సుతో మూడు ముఖ్యమైన మార్పులు కలుగును. మొదటిది పూత. పొగతోపాటు పైకిలేచిన ఆవిరులు ఎండలో ఆక్సీకరణము పొంది, బరువెక్కి, మసిరేణువు పైన పొరవలె పేరుకొనును. పుట్టుకతో మసి ద్రాక్షగుత్తివలె చిల్లులు చిల్లులుగా నుండును. పూత పడినకొలది ముడుచుకొని, నడుమ నల్లనిగింజ గల బిందువగును.

రెండవ మార్పు ఈ పూత వలననే కలుగును. ఒక నల్లపూసను గుండ్రని గాజుగుండు నడుమ పొదిగినట్లూహింపుడు. బయటినుండి చూచిన పూస తన నిజపరిమాణముకంటె పెద్దదిగా కనబడును. ప్రక్కగా పోవలసిన కిరణములను గాజు వంచి పూసపైకి మరల్చును. పూతపడిన మసి గూడ ఇట్లే, ఒంటరిగా నున్నప్పటికంటె ఎక్కువ వెలుగును మ్రింగును. ఎంత యెక్కువ యనుదానిపై శాస్త్రజ్ఞులలో వాదము తీరలేదు. లెక్కలు రెట్టింపు వరకు పోవచ్చుననుచున్నవి. బయటి గాలిలో చేసిన కొలతలలో కొన్నిచోట్ల గణనీయముగాను, కొన్నిచోట్ల స్వల్పముగాను కనబడినది. గింజ సరిగా నడుమ లేక అంచున అతుకుకొని యున్నచో ఈ ఫలితము తగ్గునని ఒక సమాధానము.

ఐతే పూత వెలుగును చెదరగొట్టు పనిని గూడ పెంచును. సామాన్యముగా ఈ పెంపే మిన్న. 2000 సెప్టెంబరులో ఆఫ్రికాలోని నమీబియా దేశమున ఓటావి యను ఊరి దగ్గర మంటనుండి వెలువడిన పొగను విమానము వెన్నంటి కొలిచినది. మంట దగ్గర నూరుపాళ్ళ వెలుగు రేణువులకు తగిలిన 84 పాళ్ళు చెదరినవి. 16 పాళ్ళు మ్రింగబడినవి. ఇంచుమించు అయిదుగంటల ప్రయాణము తరువాత చెదరినవి 90, మ్రింగబడినవి 10 మాత్రమే. ఒక పూటలో పొగ స్వభావమే మారినది. నలుపు పోయినదా? పోలేదు. దానిచుట్టు తెలుపు పెరిగినది.

మూడవ మార్పు వెలియుట. కొత్త పంచె యెండలో ఆరవేయగా ఆరవేయగా రంగు వెలిసినట్లే కపిలకర్బనము గూడ వెలియును. ఎండ పడినప్పుడు గాలిలో హైడ్రాక్సిల్ అను చురుకైన అణుసమూహములు పుట్టి, రంగునిచ్చు అణువులను విరుగగొట్టును. ఎండ తానును సూటిగా కొన్నిటిని విరుచును. 2013లో అమెరికాలోని కాలిఫోర్నియాలో రిమ్ మంట యని పేరుపొందిన అగ్నిప్రమాదపు పొగను విమానముతో వెన్నంటినవారు, దానిలోని కపిలకర్బనము 9 నుండి 15 గంటలలో సగమునకు తగ్గినదని లెక్కగట్టిరి. ఐనను అంతయు పోలేదు. రెండుదినముల తరువాతను కొంత మిగిలియే యున్నది. ఏ పంచెయు పూర్తిగా తెల్లబడదు గదా!

కర్నూలు 15, 16 అక్షాంశముల నడుమను, కడప 14, 15 అక్షాంశముల నడుమను ఉన్నవి. చైత్రమాసములో మధ్యాహ్నపు సూర్యుడు ఇంచుమించు నడినెత్తిన నుండును. మేఘము లేదు. పంచె వెలియుటకు ఇంతకంటె అనుకూలమైన చోటు అరుదు. కనుక మన పొగ పగటివేళ త్వరగా ముదురునని ఊహించుట సహేతుకము. కాని పొగ యెంత యెత్తున నున్నదో గూడ చూడవలెను. బెల్లపుపాకము వేడిగా నున్నప్పుడు పారును, చల్లారిన గట్టిపడును. జిడ్డు రేణువులదియు అదే గుణము. పొడిగా చల్లగా నున్న పైగాలిలోనికి చేరినవి గాజువలె గట్టిపడి, లోపలి రంగును హైడ్రాక్సిలుకు దొరకనీయవు; అచ్చట రంగు చిరకాలము నిలుచును.

రాత్రి నల్లబడు పొగ

పగటి కథ యింతవరకు. రాత్రి కథ వేరు. సూర్యుడస్తమించిన తరువాత కొండచరియలు త్వరగా చల్లబడును. చల్లని గాలి బరువెక్కి వాగుల వెంట పల్లమునకు దిగును. పగలు మైళ్ళయెత్తు లేచిపోయిన పొగ, రాత్రి మొద్దులనుండి వెలువడినప్పుడు అట్లు లేవలేక గాలితోపాటు కొండక్రింది ఊళ్ళలోనికి జారును. తెల్లవారుజామున గొంతు గరగరలాడించునది ఈ పొగయే.

రాత్రి రసాయనమును నడుపునది హైడ్రాక్సిల్ కాదు, నైట్రేటు అను మరొక చురుకైన సమూహము. పగటివెలుగులో అది నిలువదు; చీకటిలో బ్రతుకును. కట్టెకు గట్టిదనము నిచ్చు లిగ్నిను కాలినప్పుడు ఫీనాలు జాతి ఆవిరులు పుట్టును. నైట్రేటు వానితో కలిసినప్పుడు పసుపు గోధుమవన్నెల పదార్థములు ఏర్పడును. అనగా పగలు వెలియుచున్న పొగకు రాత్రి మరల రంగు వేయబడుచున్నది! పొగ ముదిరినకొలది తెల్లబడునను సూత్రమునకు ఇది పెద్ద మినహాయింపు. సాయంకాలము పుట్టిన పొగయు, ఉదయమున పుట్టిన పొగయు వయస్సు ఒక్కటేయైనను రంగు ఒక్కటి గాకపోవచ్చును. గంటలు లెక్కించిన చాలదు. ఏ గంటలో లెక్కింపవలెను.

ఇచ్చటనే చెట్టు జాతి గూడ వచ్చి చేరును. దేవదారు, పైను వంటి సూదియాకు చెట్ల లిగ్నినును, టేకు, నల్లమద్ది, తునికి వంటి వెడల్పాకు చెట్ల లిగ్నినును ఒకటి కావు; వాని పొగలోని ఫీనాలులును ఒకటి కావు. లోకములో వెన్నంటి కొలిచిన పొగలలో పెక్కు అమెరికా, కెనడాల సూదియాకు అడవులవి, ఆఫ్రికా గడ్డిమైదానములవి. ఆ సంఖ్యలను తెచ్చి నల్లమలకు అతికించుట, చలిదేశపు కొలతలతో కుట్టిన కోటును రాయలసీమ రైతుకు తొడుగుటవంటిది.

నీలిసూర్యుడు

పొగ వయస్సు ఎంత దూరము ప్రయాణించునో తెలుపు ఒక ప్రసిద్ధ కథ కలదు. 1950 వేసవిలో కెనడా పడమటి అడవులలో చించగా యను ప్రాంతమున మంట పుట్టి నెలల తరబడి కాలినది. సెప్టెంబరు 24న ఆ పొగ కెనడా అమెరికాలలో పట్టపగలు దీపములు పెట్టించినది. రెండుదినములు గడచి, 26వ తేదీన, అట్లాంటిక్ మహాసముద్రమునకు ఈవల స్కాట్లండు ప్రజలు తలయెత్తి చూడగా సూర్యుడు నీలముగా నుండెను! నాటి రాత్రి చంద్రుడును నీలమే. ఎడింబరో వేధశాలలో విల్సన్ అను శాస్త్రజ్ఞుడు ఆ వెలుగును వర్ణమాలగా విడదీసి కొలిచెను.

పొగలో సూర్యుడు ఎర్రబడుట మనమందరము చూచినదే. నీలమగుట యెట్లు? అన్ని పరిమాణముల రేణువులు కలగలిసియున్నప్పుడు ఈ వింత జరుగదు. దూరప్రయాణములో రేణువులు ఇంచుమించు ఒకే పరిమాణమునకు, అదియు వెలుగు అలకంటె కొంచెము పెద్ద పరిమాణమునకు చేరినప్పుడు అవి నీలముకంటె ఎరుపునే ఎక్కువగా చెదరగొట్టును. మిగిలి మన కంటికి చేరునది నీలము. మన దేశము గూడ ఇట్టి వింత నెరుగును. 1883 ఆగస్టులో క్రకటోవా అగ్నిపర్వతము పగిలిన తరువాత సెప్టెంబరులో మద్రాసులో సూర్యుడు ఆకుపచ్చగా కనబడెను. అది పొగ కాదు, అగ్నిపర్వతపు ధూళి, సూత్రము మాత్రమొక్కటే. కర్నూలు, కడపలు నాడు ఆ రాజధానిలోనివే.

కొలుచువారు, కొలతలోని చిక్కు

మన సీమలో ఈ సంగతులను కొలుచువారు లేకపోలేదు. కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయమునను, అనంతపురములో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమునను గాలిలోని సూక్ష్మరేణువులను, నల్లకర్బనమును కొలిచి ప్రకటించిరి. శేషాచలమునకు అనతిదూరమున గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధనశాలలో 1998 నుండి లేజరు కిరణమును ఆకాశములోనికి పంపి, తిరిగివచ్చిన వెలుగునుబట్టి రేణువులు ఏ యెత్తున నున్నవో కనుగొనుచున్నారు. ఆ వెలుగు తిరిగివచ్చిన తీరునుబట్టి రేణువులు గుండ్రనివో, వంకరటింకరవో గూడ చెప్పవచ్చును. ఇది మన సీమలో ముఖ్యము. వేసవిగాలికి ఎర్రనేల దుమ్ము లేచునప్పుడు దుమ్మేదో, పొగయేదో తేల్చవలెను గదా! దుమ్ము గరుకురాయి, ముదిరిన పొగ గుండ్రని బిందువు.

నల్లకర్బనమును కొలుచు యంత్రము పని సులభముగా తెలియును. గాలిని తెల్లని పట్టీగుండ పీల్చుదురు, పట్టీ నల్లబడును, దానిమీద ఏడురంగుల వెలుగును ప్రసరింపజేసి, ఏ రంగు ఎంత మ్రింగబడినదో చూతురు. డీసెలు మసి అన్ని రంగులను ఇంచుమించు ఒక క్రమములో మ్రింగును. కట్టెపొగ అట్లు కాక అతినీలము వైపు పోయినకొలది మరింత ఆకలిగొనును. ఈ భేదమునుబట్టి ఇంతభాగము లారీలది, ఇంతభాగము కట్టెలది యని విభజింతురు. చమత్కారమైన ఉపాయమే.

కాని పాఠకులు ఇదివరకే చిక్కును గ్రహించియుందురు. కట్టెపొగకు గుర్తు కపిలవర్ణము. ఆ వర్ణము ఎండకు వెలియును. నల్లమలలో నిన్న పుట్టి, పగలంతయు ఎండలో ప్రయాణించి, నేడు పట్టణమునకు చేరిన పొగ తన గుర్తును సగము పోగొట్టుకొని వచ్చును. మిగిలిన నలుపును యంత్రము చూచి, ఇది లారీల మసియే యని వ్రాసికొనును. నేరస్థుడు వేషము మార్చినచో నిర్దోషి పట్టుబడినట్లు, వయస్సు అడుగక విభజించిన లెక్కలో అడవి దోషము రహదారి మీదికి పోవును. ఊరిచివర కంది కట్టె, పత్తి కట్టె కాల్చిన పొగ మాత్రము పసిపొగయై గుర్తుతోనే దొరకును. దూరపు పొగ తప్పించుకొనును. దగ్గరి పొయ్యి పట్టుబడును.

ఇట్టిదే ఉపగ్రహముల చిక్కు. భారత అటవీ సర్వేక్షణ సంస్థ మంటల వేడిని ఉపగ్రహములతో పసిగట్టి అటవీశాఖకు వార్త పంపుచున్నది. అది మేలైన ఏర్పాటు. మంటను చూచుట ఒకటి, పొగను తూచుట మరొకటి. ఉపగ్రహము చూచునది వెలుగును. మనకు కావలసినది బరువు. ఒక గ్రాము పొగరేణువులు సుమారు 3 నుండి 5 చదరపు మీటర్ల వెడల్పు గల వెలుగును అడ్డగింపగలవు; ప్రక్కప్రక్కన వేసిన రెండు నులకమంచములంత! కాని ఆ గ్రాము పసిదైన మంచము చిన్నది, ముదిరినదైన పెద్దది. వయస్సు తెలియక నీడనుబట్టి బరువు కట్టిన తూకము తప్పును.

క్రిందనున్న నేలయు లెక్కలోనికి వచ్చును. ముదురురంగు అడవిపైన వ్యాపించిన పొగ వెలుగును తిప్పికొట్టి చల్లదనము కలిగింపవచ్చును. అదే పొగ తెల్లని మేఘముపైకి చేరినచో మేఘము తిప్పికొట్టవలసిన వెలుగును మ్రింగి గాలిని వేడెక్కించును. పసిపొగ, ముసలిపొగలలో ఏది యెచ్చట నున్నదో తెలియక, అడవిమంట లోకమును వేడెక్కించుచున్నదో చల్లబరచుచున్నదో చెప్పబూనుట సాహసము.

తెల్లబడిన పొగ చల్లని పొగ కాదు

ఇంతకు మనకు తక్షణము కావలసిన మాట యొకటి కలదు. పొగ తెల్లబడిన తరువాత జనులు ఊపిరి పీల్చుకొందురు. మంట ఆరినది, పొగ పోయినది యందురు. కంటికి నలుపు తగ్గినంతమాత్రమున ఊపిరికి హాని తగ్గదు. ముదిరిన రేణువులును మైక్రానుకు లోబడినవే. ఊపిరితిత్తుల అట్టడుగు వరకు పోగలవే. ముదిరినకొలది వానిలోని పదార్థము శరీరకణములమీద ఆక్సీకరణపు ఒత్తిడిని మరింత కలిగించునని కొన్ని పరిశోధనలు సూచించినవి. ఇక నడుమనున్న నల్లనిగింజ వెలియునది కాదు. దానికి వదలింపు వాన యొక్కటే. ముంగారు వానలు ఇంకను దూరముననుండగా చైత్రమాసములో అది గాలిలోనే తిరుగాడుచుండును. కొండక్రింది ఊళ్ళలో ఉబ్బసపు రోగులు, పసిపిల్లలు ఈ తెల్లని దినములలోను జాగ్రత్తగా నుండవలసినదే.

చేయవలసిన పనులు రెండు. మొదటిది అందరెరిగినదే: మంట లేకుండ చూచుట. ఫాల్గుణమునకు ముందే అగ్నిరేఖలు గీచి ఆకును ఊడ్చుట, ఆ పనిలో అడవినెరిగిన చెంచులకు తగిన కూలినిచ్చి నిలుపుకొనుట, బాటసారి తన పొయ్యిమీద నీళ్ళు చల్లి కదలుట. చెంచుగూడెమును దోషిగా నిలబెట్టుటకంటె తోడుగా నిలబెట్టుకొన్న అడవికి మేలు. రెండవది, మన పొగను మనము కొలుచుకొనుట. కొండమొదట ఒక యంత్రము, లోయనడుమ ఒక యంత్రము, పట్టణములో ఒక యంత్రము ఉంచి, ఒకే పొగ పుట్టిననాటినుండి మరునాటివరకు ఎట్లు మారుచున్నదో, పగలెట్లో, రాత్రియెట్లో వ్రాసికొన్ననాడు నల్లమల టేకు, బోద, తునికిల పొగకు సొంతలెక్క ఏర్పడును. విశ్వవిద్యాలయములు మనకున్నవి, యంత్రము నెరిగినవారున్నారు, పొగకు కొదువ యెన్నడును లేదు.

అంతవరకు మనలో ప్రతివాడును చేయగల పని యొకటి కలదు. ఈ వేసవిలో మిద్దెనెక్కి తూర్పుకు చూచునప్పుడు, పొగ కనబడిన ఎక్కడిది యని మాత్రమే అడిగి ఊరకుండక, ఎప్పటిది యని గూడ అడుగుడు. నీలపుచారయైన మంట దగ్గరలో, ఈ పూటదే. వెంటనే అటవీశాఖకు తెలుపవలెను. తెల్లనితెరయైన నిన్నటిదో మొన్నటిదో. ఇంటిలోని ముసలివారిని, పిల్లలను చూచుకొనవలెను. కొండ అంచు మరల స్పష్టముగా, నల్లగా కనబడిననాడు, గాలి శుభ్రపడినదని తెలిసికొనవలెను. ఆ కొండకు పేరు పెట్టిన పెద్దలు చూచినది బహుశః అట్టి దినముననే.